మణుగూరు దారిలో భారజలం

వరంగల్ నగరం నుండి ములుగు మీదుగా ఈశాన్యానికి సాగే 163వ నంబరు జాతీయ రహదారి మన ప్రాంతీయులకు చిరపరిచితమే. 1213లో నిర్మితమై, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడికి, కాకతీయుల నాటి లక్నవరం చెరువుకు, మేడారం జాతరకు వెళ్ళేవారంతా పట్టే దారి ఇదే. అయితే ఏటూరునాగారం వద్ద జాతీయ రహదారిని విడిచి, గోదావరి ప్రవహించే దిశలోనే మంగపేట, మణుగూరుల మీదుగా ముందుకు సాగితే అశ్వాపురం వస్తుంది. మన దేశ అణుశక్తి చరిత్రలో ముఖ్యస్థానం గల ఒక కర్మాగారం ఆ ఊరి వద్ద ఉన్నది. అదే మణుగూరు భారజల కర్మాగారం. మన ఇళ్ళలో దాని పేరు విన్నవారు కొందరున్నారు గాని, అక్కడ జరిగే పని ఏమిటో ఎరిగినవారు బహు తక్కువ. పని తెలియని చోట భయం వచ్చి కూర్చుంటుంది. అటువంటి ఒక భయమే గత సంవత్సరం జనవరిలో మమ్మల్ని ఆ దారి పట్టించింది.

మట్టెవాడలో కుట్టుపని దుకాణం నడుపుకునే ఒక సోదరుడు ఒకప్పుడు మా వద్ద చదువుకున్నవాడు. ఆయన కుమారుడు పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తిచేసి, పరీక్ష వ్రాసి, ఆ కర్మాగారంలో శిక్షణకు ఎంపికయ్యాడు. ఉత్తరం చేతికందిన నాడు ఇంట్లో సంతోషమే. తెల్లవారేసరికి ఆ సంతోషం ఆవిరైపోయింది. "అది అణుబాంబు ఫ్యాక్టరీ అట" అని ఒకరు, "అందులో పనిచేసేవారికి సంతానం కలుగదట" అని మరొకరు ఆ తల్లి చెవిన వేశారు. దానికి తోడు 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా కేంద్రబిందువుగా 5.3 తీవ్రతతో భూమి కంపించిన సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. వరంగల్‌లో సైతం గిన్నెలు కదిలాయి. "భూమి ఊగే చోట, నదీ తీరాన, అటువంటి కర్మాగారంలోకి నా బిడ్డను పంపను" అని ఆమె పట్టుబట్టింది. అబ్బాయి మౌనం వహించాడు. చేరవలసిన గడువు దగ్గర పడుతోంది. తండ్రి మా వద్దకు వచ్చి, "హజ్రత్, మీరు ఏది చెబితే అదే చేస్తాము" అన్నాడు.

మాకు తెలియని విషయంలో తీర్పు చెప్పడం మాకు తగదు. ఆ మాటే ఆయనతో అని, వెళ్ళి చూద్దామన్నాము. శుక్రవారం మా మదరసాకు సెలవు. మణుగూరులో స్థిరపడిన వారి దూరపు బంధువొకరు ఆ కర్మాగారంలోనే ఇరవై ఎనిమిది సంవత్సరాలు పనిచేసి పదవీవిరమణ పొందినవారు. అబ్బాయి ఆయనను చాచా అని పిలుస్తాడు. ఆయనకు ఫోను చేసి, ఫజర్ నమాజు ముగించుకొని, మేమూ మా ఇంటివారూ, ఆ దంపతులూ, అబ్బాయీ ఒక అద్దె కారులో బయలుదేరాము.

ములుగు దాటి, గోవిందరావుపేట, పస్రా గడిచాక అడవి మొదలవుతుంది. తాడ్వాయి ప్రాంతంలో టేకు, మద్ది చెట్ల నడుమ దారి సాగుతుంది. 2024 ఆగస్టు చివరి దినాన ఈ అడవిలోనే పెనుగాలి వీచి వేలాది వృక్షాలను గంటల వ్యవధిలో నేలమట్టం చేసింది. భూకంప కేంద్రం కూడా ఈ పరిసరాలలోనే ఉన్నది. ఈ నేల కంపించడం అదే ప్రథమం కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఈ సంగతి చెప్పినప్పుడు వెనుక సీటులోని తల్లి, "చూశారా మౌలానా సాబ్, నేను అన్నది అబద్ధం కాదు గదా!" అన్నది. ఆమె అన్నది నిజమే. నిజమైన దానిని కాదనడం ధైర్యం చెప్పడం కాదు.

ఏటూరునాగారం తర్వాత మిరప చేలు కనిపించసాగాయి. మంగపేట మండలంలోని కమలాపురంలో, కలప గుజ్జు తయారుచేసే పెద్ద కర్మాగారం ఒకటి 2014లో మూతపడి నిశ్శబ్దంగా నిలిచి ఉన్నది. ఒక కర్మాగారం మూతపడితే దాని చుట్టూ అల్లుకున్న ఊరు ఏమవుతుందో చూడదలచినవారు అక్కడ కాసేపు ఆగవచ్చు. మణుగూరు చేరేసరికి దృశ్యం పూర్తిగా మారిపోతుంది. సింగరేణి వారి ఉపరితల గనులు, మట్టిగుట్టలు, బొగ్గు లారీలు, సమీపాన 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు. వరంగల్ నుండి ఇంతవరకు దాదాపు 150 కిలోమీటర్లు.

జుమా నమాజు మణుగూరులోనే చేశాము. మసీదు మెట్ల వద్దనే చాచా మమ్మల్ని గుర్తించి సలాము చేశారు. తెల్లని గడ్డం, నిటారైన నడక, తక్కువ మాటలు. ఆయన ఇంట భోజనం చేసిన తర్వాత మమ్మల్ని అశ్వాపురం తీసుకువెళ్ళారు. కర్మాగారంలోనికి అనుమతి లేనిదే ఎవరికీ ప్రవేశం లేదు. దాని ద్వారం వద్ద కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉన్నది. మేము దారి ప్రక్కన నిలిచి, చెట్లపైగా ఆకాశంలోకి లేచిన ఎత్తైన ఉక్కు గోపురాలనూ, పొగగొట్టాలనూ మాత్రమే చూడగలిగాము. చూచినది అంతే. గ్రహించినదంతా చాచా మాటల ద్వారానే.

"ముందుగా ఒక సంగతి తెలుసుకో బేటీ" అని ఆయన ఆ తల్లిని ఉద్దేశించి మొదలుపెట్టారు. "ఇక్కడ అణు రియాక్టరు లేదు. యురేనియం లేదు. ఇక్కడ తయారయ్యేది నీరు."

నీరే, కాని భారమైన నీరు. సృష్టికర్త నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌ల కలయికతో నిర్మించాడని మన పిల్లలు బడిలో చదువుతారు. ఆ హైడ్రోజన్‌లో రెండు రకాలున్నవి. ప్రతి ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులలో ఒకటి మిగిలిన వాటికి రెట్టింపు బరువుతో ఉంటుంది. దానినే డ్యుటీరియం అంటారు. అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ 1931లో దీనిని కనుగొని 1934లో నోబెల్ బహుమానం పొందాడు. ఈ బరువైన హైడ్రోజన్‌తో ఏర్పడిన నీరే భారజలం. చూడడానికి మామూలు నీటివలెనే ఉంటుంది. బరువు మాత్రం పదకొండు శాతం అధికం. 3.8 డిగ్రీల వద్దనే గడ్డకడుతుంది.

ఇది ఎక్కడినుండో తెచ్చిన వస్తువు కాదు. గోదావరిలో ఉన్నది, మన బావిలో ఉన్నది, మనం త్రాగే గ్లాసులోనూ ఉన్నది. లెక్క వేస్తే లీటరు నీటిలో గ్రాములో ఆరవ వంతు మేర ఉంటుంది. పదిహేను లీటర్లు పట్టే బిందెలో రెండున్నర గ్రాములు, అంటే దాదాపు అర చెంచా. ఈ మాట విని ఆ తల్లి ఆశ్చర్యపడి, "అయితే మేము రోజూ త్రాగుతున్నదేనా?" అని అడిగింది. "పుట్టినప్పటి నుండీ" అన్నారు చాచా.

ఆ అర చెంచాను బిందె నుండి వేరు చేయడమే ఇక్కడి పని. అది చెప్పినంత సులభం కాదు. రెండు నీళ్ళ స్వభావమూ ఇంచుమించు ఒకటే గనుక వడపోతకు లొంగవు. అందుచేత హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు సహాయం తీసుకుంటారు. గోపురంలో నీరు పై నుండి క్రిందికి దిగుతుంది, వాయువు క్రింది నుండి పైకి లేస్తుంది. చల్లని గోపురంలో డ్యుటీరియం వాయువును విడిచి నీటిలో చేరుతుంది. 130 డిగ్రీల మేర వేడిగా ఉన్న గోపురంలో నీటిని విడిచి వాయువులో చేరుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని అంచెలంచెలుగా ఎడతెగక జరిపిస్తే నీటిలో డ్యుటీరియం పాలు కొద్దికొద్దిగా పెరుగుతుంది. చివరకు తక్కువ పీడనంలో మరిగించి, ఆవిరిని చల్లార్చి, 99.8 శాతానికి మించిన శుద్ధతకు తెస్తారు. వేలాది టన్నుల నది నీరు గోపురాలలో దిగితే ఒక టన్ను భారజలం చేతికి వస్తుంది. దీనికి ఆవిరి విస్తారంగా కావాలి. నీటికి గోదావరి, ఆవిరికి మణుగూరు బొగ్గు. కర్మాగారాన్ని ఇక్కడ నెలకొల్పడానికి కారణం అదే. 1991 డిసెంబరులో ఇది ఉత్పత్తి ప్రారంభించింది. ఏడాదికి 185 టన్నుల సామర్థ్యంతో దీనిని నిర్మించారు. 220 మెగావాట్ల రియాక్టరు ఒక్కదానిని నింపడానికే రెండు వందల టన్నుల మేర కావాలన్నప్పుడు, ఈ నీటి విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

మరి రియాక్టరుకు ఇది ఎందుకు? యురేనియం పరమాణువు చీలినప్పుడు వెలువడే న్యూట్రాన్లు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతాయి. ఆ వేగంలో అవి తదుపరి పరమాణువును సరిగా చీల్చలేవు. వాటిని సెకనుకు రెండు కిలోమీటర్ల పైచిలుకు వేగానికి తగ్గించాలి. మామూలు నీరు వాటిని నిదానింపజేస్తుంది గాని, కొన్నింటిని తానే మ్రింగివేస్తుంది. భారజలం మ్రింగదు, నిదానింపజేస్తుంది. కనుక దానితో, సుసంపన్నం చేయని సహజ యురేనియంతోనే విద్యుత్తు తీయవచ్చు. అదే దాని ఘనత. కైగా, కల్పాక్కం, రావత్‌భటా వంటి చోట్ల రియాక్టర్లు ఈ పద్ధతిలోనే నడుస్తున్నవి. విచిత్రమేమంటే మన రెండు తెలుగు రాష్ట్రాలలో అణు విద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు. కాని కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నది. హైదరాబాదులో 1971 నుండి అణు ఇంధన సముదాయం ఉన్నది. గోదావరి ఒడ్డున ఈ భారజలం ఉన్నది. కైగా, కల్పాక్కంల నుండి మనకు వాటాగా వచ్చే విద్యుత్తు వెనుక మన నేల శ్రమ కూడా ఉన్నదన్నమాట.

ఈ నీటికి రక్తపు చరిత్ర కూడా లేకపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నార్వే దేశంలోని వెమోర్క్ కర్మాగారం భారజలానికి ప్రధాన స్థానం. అది హిట్లర్ శాస్త్రవేత్తల చేతికి చిక్కరాదని 1943 ఫిబ్రవరిలో నార్వే వీరులు కొందరు మంచులో నడిచివెళ్ళి దాని యంత్రాలను పేల్చివేశారు. మరుసటి ఏడు, మిగిలిన భారజలాన్ని తరలిస్తున్న ఓడను సరస్సులో ముంచివేశారు. ఆ ఓడతో పాటు ఏ పాపమూ ఎరుగని 14 మంది నార్వే పౌరులు సైతం మరణించారు. మన దేశం 1962లో నంగల్‌లో భారజలం తయారీ ప్రారంభించింది. 1974లో పోఖ్రాన్ అణుపరీక్ష జరిగిన తర్వాత కెనడా తన సహకారాన్ని ఉపసంహరించుకున్నది. మనవారే స్వయంగా ఈ వాయు పద్ధతిని అభివృద్ధి చేసుకొని, మొదట రాజస్థాన్‌లోని కోటా వద్ద, తర్వాత ఇక్కడ నిర్మించారు. ఒకనాడు ఇతరుల ముందు చేయి చాచిన దేశం అనంతరం దక్షిణ కొరియా మొదలైన దేశాలకు భారజలాన్ని ఎగుమతి చేసింది.

ఒకే వస్తువు ఇంట దీపమూ వెలిగించగలదు, యుద్ధానికీ తోడ్పడగలదు. ఇనుమును గురించి దివ్య ఖుర్ఆన్‌లోని హదీద్ సూరా మనకు నేర్పే పాఠం ఇదే గదా! అందులో తీవ్రమైన బలిమీ ఉన్నది, మానవులకు ప్రయోజనాలూ ఉన్నవి. వస్తువుకు పాపపుణ్యాలు లేవు. దానిని పట్టిన చేతికే లెక్క ఉంటుంది.

చాచా చెప్పినదంతా విని ఆ తల్లి, "అయితే భయమే లేదంటారా?" అని అడిగింది. ఆయన వెంటనే "లేదు" అని ఉంటే మేము ఆయనను అంతగా నమ్మి ఉండేవారము కాము. ఆయన కొంతసేపు ఆ గోపురాల వైపు చూచి, "ఉన్నది బేటీ. కాని నీవు భయపడుతున్నది దానికి కాదు" అన్నారు.

ఇక్కడ తయారై వెళ్ళే భారజలంలో అణుధార్మికత లేదు. రియాక్టరులో కొంతకాలం ఉన్న తర్వాతే అది ఆ గుణాన్ని సంతరించుకుంటుంది. దేహంలోని నీటిలో పెద్ద భాగాన్ని భారజలంతో నింపితే జీవికి హాని కలుగుతుందన్నది నిజమే గాని, దాని దరిదాపుల్లో పనిచేసినంత మాత్రాన అలా జరగదు. అసలు ప్రమాదం ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులో ఉన్నది. అది ప్రాణాంతకమైన విషం. గాలికంటె బరువైనది గనుక పల్లపు చోట్ల నిలుస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గ్రుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైనప్పుడు ముక్కును మొద్దుబారుస్తుంది. వాసన ఆగిపోయిందని మనిషి ఊరట చెందిన క్షణమే అత్యంత అపాయకరమైన క్షణం.

"మాకు నేర్పిన మొదటి పాఠం, ముక్కును నమ్మవద్దని" అన్నారు చాచా. వాయువును పసిగట్టే పరికరాలనే నమ్మాలి. గాలి ఎటు వీస్తున్నదో చూపే గుడ్డ గొట్టాన్ని గమనించకుండా అడుగు వేయరాదు. శ్వాస పరికరం లేకుండా అనుమానమున్న చోటికి పోరాదు. ఒంటరిగా అసలే పోరాదు. పడిపోయినవాడిని చూచి ఆవేశంతో పరుగెత్తినవాడు రెండవ శవం అవుతాడు. 1984లో భోపాల్, 2020లో విశాఖపట్నం వాయు విషాదాలను తలచుకొని ఆయన, "నియమం ఉన్నది పుస్తకంలో పెట్టుకోవడానికి కాదు" అన్నారు. ఇరవై ఎనిమిది ఏళ్ళు ప్రతి దినమూ నియమం పాటించడం విసుగు పుట్టించలేదా అని అబ్బాయి అడిగాడు. "పుట్టించింది. విసుగు పుట్టిన దినమే మరింత జాగ్రత్తపడేవాడిని" అని ఆయన జవాబు.

మేము మదరసాలో పిల్లలకు చెప్పే పాఠం ఒకటి ఆ సమయాన జ్ఞాపకం వచ్చింది. పాపం కూడా అంతే. తొలిసారి దాని దుర్గంధం మనసుకు తెలుస్తుంది. అలవాటైన తర్వాత తెలియదు. తెలియడం లేదంటే అది పోయిందని అర్థం కాదు. కనుక మన మనసుకు తోచిన దానిని కాక, అల్లాహ్ విధించిన కొలతను చూచుకోవాలి.

ఈలోగా ఆడవారు చాచా గారి ఇల్లాలితో మాటల్లో పడ్డారు. కర్మాగారపు ఉద్యోగుల నివాసమైన గౌతమీనగర్‌లో ఆమె తన యౌవనమంతా గడిపింది. ముగ్గురు బిడ్డలను అక్కడే పెంచింది. మనుమలూ మనుమరాళ్ళూ ఉన్నారు. సంతానం కలుగదన్న వదంతికి ఆమె నవ్వే సమాధానం. కాని ఆమె కూడా అన్నీ తేలిక చేసి చెప్పలేదు. "రాత్రి డ్యూటీకి వెళ్ళిన ప్రతిసారీ దుఆ చేసేదాన్ని. ఆయన తిరిగివచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినేవరకు నిద్ర పట్టేది కాదు" అన్నది. ఆ తల్లికి మా మాటలన్నిటికంటె ఈ మాటే ఎక్కువ ధైర్యమిచ్చిందని మా ఇంటివారు తర్వాత చెప్పారు. తనకు కలిగిన భయమే మరొక స్త్రీకి కలిగిందనీ, ఆ భయంతోనే ఆమె ఒక జీవితాన్ని నిండుగా గడిపిందనీ ఆమె కళ్ళారా చూచింది.

అసర్ వేళకు గోదావరి తీరానికి దిగాము. జనవరి గనుక నది సన్నబడి ఇసుక మేట విశాలంగా పరచుకొని ఉన్నది. 2022 జులైలో ఇదే నది భద్రాచలం వద్ద 71.3 అడుగుల ఎత్తుకు ఉప్పొంగి ఊళ్ళను ముంచివేసిందంటే నమ్మశక్యం కాలేదు. వుజూ చేస్తూ అబ్బాయి, "హజ్రత్, ఇందులోనూ భారజలం ఉన్నది గదా, వుజూ చెల్లుతుందా?" అని అడిగాడు. ఖుదూరీ అయినా, హిదాయా అయినా మా చదువు శుద్ధి ప్రకరణంతోనే, అనగా నీటి పాఠంతోనే మొదలవుతుంది. సృష్టిలోనే కలిసి వచ్చినది నీటి పేరును మార్చదు, అది మామూలు నీరే, నిశ్చింతగా వుజూ చేసుకోమన్నాము. ఆ నీటిలో ఇంత రహస్యం ఇమిడి ఉన్నదని మాత్రం నలభై ఏళ్ళుగా ఆ పాఠం చదివి, చెప్పిన మాకు ఆ దినమే విశదమైంది. ప్రయాణికులము గనుక అసర్ రెండు రకాతులుగా ఇసుకపైనే జమాఅతుతో నెరవేర్చాము.

నమాజు అయిన తర్వాత తండ్రి మళ్ళీ మా ముఖం వైపు చూచాడు. మేము అబ్బాయిని చూపించి, "ఉద్యోగం అతనిది, ముందుగా అతనిని అడుగు" అన్నాము. అబ్బాయి తల్లి వైపు తిరిగి, "అమ్మీ, నీవు సంతోషంగా పంపితేనే వెళ్తాను" అన్నాడు. ఆమె చాలాసేపు నది వైపు చూచింది. ఆ తర్వాత, "వెళ్ళు నాయనా. కాని ముక్కును నమ్మవద్దు" అన్నది. ఒంటెను ముందు కట్టి, అటుపిమ్మట అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) ఇచ్చిన శిక్షణ సారమంతా ఆమె ఆ ఒక్క మాటలో తన భాషలో చెప్పినట్లు మాకు తోచింది. గడువులోగా అబ్బాయి శిక్షణలో చేరాడు.

ప్రియ పాఠకులారా! మన పిల్లలు ఇప్పుడు కొత్త కొత్త చదువులు చదువుతున్నారు. మన పెద్దలు ఎన్నడూ వినని చోట్ల నుండి వారికి ఉత్తరాలు వస్తాయి. అటువంటి ఉత్తరం మీ ఇంటికి వచ్చినప్పుడు ఇరుగుపొరుగు మాటలకు వాకిలి మూసుకోకండి, జీతం అంకె చూచి కళ్ళూ మూసుకోకండి. వీలైతే పిల్లవానితో కలిసి ఆ చోటికి వెళ్ళండి. అక్కడ పనిచేసి బయటికి వచ్చినవారిని వెతికి, ప్రమాదం ఏమిటి, జాగ్రత్త ఏమిటి, ధర్మసమ్మతమా కాదా అని విడివిడిగా అడగండి. తల్లిని కూడా వెంట తీసుకువెళ్ళండి. ఆమె ప్రశ్నలు తరచుగా అందరి ప్రశ్నలకంటె సూటిగా ఉంటాయి. తెలుసుకున్న పిమ్మట కాదనదలచినా తప్పులేదు, అవుననదలచినా తప్పులేదు. తెలియకుండా అన్న మాటకే రేపు మనం జవాబుదారులమవుతాము.

అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను, దానిని అమానతుగా మోసే గుండెను ప్రసాదించుగాక. ఆమీన్.